ఎన్‌కే కణాల నిరోధక గ్రాహకాలు: ఎంపిక, సంఖ్య, బలం దేని అదుపులో ఉంటాయి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

నమస్కారం. రోగనిరోధక వ్యవస్థకు చెందిన నేచురల్ కిల్లర్ కణాల మీద ఇటీవలే పరిశోధన మొదలుపెట్టాను. వీటిని ఇకపై ఎన్‌కే కణాలని రాస్తాను. వాటి నిరోధక గ్రాహకాల విషయంలో నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఎంత చదివినా అవి తీరకపోగా, ఒకదానికొకటి మరింత ముడిపడుతున్నాయి. అందుకే రెండింటినీ ఇక్కడ కలిపి అడుగుతున్నాను.

నేను అర్థం చేసుకున్న మూల సూత్రాన్ని ముందుగా చెబుతాను. శరీరంలో కేంద్రకం ఉన్న కణాలు దాదాపు అన్నీ తమ ఉపరితలం మీద ఎంహెచ్‌సీ క్లాస్-1 అణువులను ప్రదర్శిస్తాయి. మనుషుల్లో వీటినే హెచ్‌ఎల్‌ఏ అణువులు అంటాం. ఎన్‌కే కణం మీది నిరోధక గ్రాహకాలు ఆ అణువులను గుర్తించినంతసేపు దాడి ఆగి ఉంటుంది. వైరస్ సోకిన కణమో, క్యాన్సర్ కణమో టీ కణాల కంట పడకుండా ఆ అణువులను తగ్గించుకుంటే నిరోధం తొలగిపోయి, ఎన్‌కే కణం దానిని చంపుతుంది. క్లాస్ కార్రే, హాన్స్-గుస్తాఫ్ యుంగ్‌గ్రెన్‌ల బృందం 1986లో ప్రచురించిన ప్రయోగంలో, క్లాస్-1 అణువులు కొరవడిన లింఫోమా కణాలను ఎలుకలు తిరస్కరించాయి, ఆ అణువులు సరిపడా ఉన్న మాతృ కణాలు మాత్రం పెరిగాయి. "మిస్సింగ్ సెల్ఫ్" అనే భావనకు ఇదే ఆధారమని చదివాను.

మొదటి సందేహం ఇది. మనుషుల్లో ప్రధాన నిరోధక గ్రాహకాలైన కిర్ జన్యువులు 19వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి, వాటి లైగాండ్‌లైన, అంటే ఆ గ్రాహకాలు పట్టుకునే అణువులైన హెచ్‌ఎల్‌ఏల జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. ఈ రెండూ విడివిడిగా వారసత్వంగా వస్తాయి కనుక, ఒక వ్యక్తిలో ఒక కిర్ ఉండి దాని లైగాండ్ లేకపోవచ్చు. పైగా ఒక్కో ఎన్‌కే కణం కొన్ని కిర్‌లను మాత్రమే యాదృచ్ఛికంగా వ్యక్తీకరిస్తుందని అంటారు. అలాంటప్పుడు సొంత హెచ్‌ఎల్‌ఏను గుర్తించే గ్రాహకం ఒక్కటి కూడా లేని కణాలు తయారు కావాలి కదా? అవి సొంత శరీరం మీద ఎందుకు దాడి చేయడం లేదు?

రెండవది నా ప్రయోగశాల అనుభవం నుంచి వచ్చిన సందేహం. ఎన్‌కే కణం ఉత్తేజితమైనప్పుడు తన నిరోధక గ్రాహకాలను తగ్గించుకుంటుందని నేను ఊహించాను. కానీ ఐఎల్-2, ఐఎల్-15 అనే సైటోకైన్‌లతో, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లతో కణాలను పెంచినప్పుడు, ఎన్‌కేజీ2ఏ అనే మరో నిరోధక గ్రాహకం ఉన్న కణాల శాతం తగ్గకపోగా పెరుగుతోంది. అదే సమయంలో, పరీక్షల్లో లక్ష్యంగా వాడే కే562 అనే లుకేమియా కణాలను చంపే శక్తి కూడా పెరుగుతోంది. కిర్‌ల వ్యక్తీకరణలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నిరోధం, సంహారశక్తి రెండూ కలిసి పెరగడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? అసలు ఎన్‌కే కణం తన నిరోధక గ్రాహకాలను నియంత్రించుకుంటుందని అనవచ్చా?

సమాధానం 1: రోగనిరోధకశాస్త్ర అధ్యాపకుడు

మీ రెండు సందేహాలు ముడిపడటానికి ఒక కారణం ఉంది. ఒక కణం ఏ గ్రాహకాలను ఎంచుకుంటుంది, ఎంచుకున్న గ్రాహకం ఉపరితలం మీద ఎంత ఉంటుంది, ఆ గ్రాహకం వల్ల కణం స్పందన ఎంత మారుతుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఒక్కో దానిని నియంత్రించే యంత్రాంగం వేరు, అది పనిచేసే కాలం వేరు. ఎంపిక కణం ఎదిగేటప్పుడు జరిగి దాదాపు శాశ్వతంగా నిలుస్తుంది. స్పందన బలం రోజుల వ్యవధిలో మారగలదు. ఉపరితలం మీది సంఖ్య అంతకంటే త్వరగా కూడా మారవచ్చు. నేను ఎంపిక గురించి, స్పందన బలం గురించి రాస్తాను. ఉపరితల సంఖ్య గురించి ఇక్కడ నాకంటే బాగా చెప్పగలవారు ఉన్నారు.

కిర్ కుటుంబంలో సుమారు 15 జన్యువులు, వాటితోపాటు 2 మిథ్యాజన్యువులు ఉన్నాయి. ఎవరిలో ఎన్ని ఉంటాయన్నది హ్యాప్లోటైప్‌ను, అంటే కలిసి వారసత్వంగా వచ్చే జన్యువుల సముదాయాన్ని బట్టి మారుతుంది. నిరోధక కిర్‌లలో కిర్2డీఎల్1 అన్నది 80వ స్థానంలో లైసిన్ ఉన్న హెచ్‌ఎల్‌ఏ-సీ రకాలను, అంటే సీ2 వర్గాన్ని గుర్తిస్తుంది. కిర్2డీఎల్2, కిర్2డీఎల్3 ప్రధానంగా అదే స్థానంలో ఆస్పరజిన్ ఉన్న సీ1 వర్గాన్ని గుర్తిస్తాయి. కిర్3డీఎల్1 గుర్తించేది బీడబ్ల్యు4 లక్షణం ఉన్న హెచ్‌ఎల్‌ఏ రకాలను. మీరన్నట్టు ఇవి హెచ్‌ఎల్‌ఏతో కలిసి వారసత్వంగా రావు.

ఎదుగుతున్న ఎన్‌కే కణంలో ఒక్కో కిర్ జన్యువు తెరుచుకోవడం, మూసుకుపోవడం మిగతా జన్యువులతో పెద్దగా సంబంధం లేకుండా జరుగుతుంది. అందుకే రెండు కిర్‌లు కలిసి ఉన్న కణాల నిష్పత్తి, ఆ రెండింటి విడివిడి నిష్పత్తుల లబ్ధానికి దగ్గరగా ఉంటుంది. చాలా సందర్భాల్లో ఒక జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే పనిచేస్తుంది. టీ కణాల గ్రాహకాల విషయంలో జరిగినట్టు డీఎన్‌ఏను కత్తిరించి అతికించడం ఇక్కడ లేదు. జన్యుక్రమం చెక్కుచెదరకుండానే కణానికీ కణానికీ మధ్య ఇంత వైవిధ్యం ఎలా వస్తుందన్న దానికి స్టీఫెన్ ఆండర్సన్ బృందం 2004లో, ఎలుకల్లో కిర్‌ల పాత్ర పోషించే ఎల్‌వై49 గ్రాహకాల జన్యువుల మీద చేసిన పని నాకు చాలా సంతృప్తినిచ్చింది. ఆ జన్యువుల దగ్గర రెండు దిశల్లోనూ ట్రాన్స్‌క్రిప్షన్‌ను, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని మొదలుపెట్టగల ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగం ఒకటి ఉంటుంది. అది ఏ దిశలో పనిచేస్తుందన్నది సంభావ్యత మీద ఆధారపడుతుంది. ఒక దిశలో సాగితే జన్యువు తెరుచుకుంటుంది, వ్యతిరేక దిశలో సాగితే తెరుచుకోదు. కిర్ జన్యువుల దగ్గర కూడా ఇలా రెండు దిశల్లో పనిచేసే ప్రమోటర్ ఉన్నట్టు తర్వాత తేలింది. అక్కడ వ్యతిరేక దిశలో వచ్చే ఆర్‌ఎన్‌ఏ జన్యువును మూసి ఉంచడానికి తోడ్పడుతుంది.

ఇలా కుదిరిన ఎంపికను నిలబెట్టేది డీఎన్‌ఏ మిథైలేషన్. వ్యక్తీకరణ లేని కిర్ జన్యువుల ప్రమోటర్ మీద మిథైల్ గుర్తులు దట్టంగా ఉంటాయి, వ్యక్తీకరించే జన్యువుల ప్రమోటర్ మీద ఉండవు. మిథైలేషన్‌ను తొలగించే రసాయనాన్ని వాడితే మూసి ఉన్న కిర్‌లు కూడా తెరుచుకుంటాయి. ఈ గుర్తులు కణవిభజనలో పిల్ల కణాలకు సంక్రమిస్తాయి కనుక, ఒక ఎన్‌కే క్లోన్ ఎన్నిసార్లు విభజన చెందినా దాని కిర్ జాబితా చాలావరకు అలాగే ఉంటుంది. మీ కల్చర్‌లో కిర్‌లు మారకపోవడానికి ప్రధాన కారణం ఇదే. శత్రువు ఎదురైనప్పుడు ఆ కణం తన కిర్ జన్యువులను మార్చుకోదు, మార్చుకునే ఏర్పాటు కూడా దానికి లేదు. మిస్సింగ్ సెల్ఫ్ సూత్రంలో మారేది ఎదుటి కణం మీది లైగాండ్, ఎన్‌కే కణం మీది గ్రాహకం కాదు. మీ ఊహ ఇక్కడే దారి తప్పిందని నా అభిప్రాయం.

ఇక సొంత హెచ్‌ఎల్‌ఏను గుర్తించే గ్రాహకం లేని కణాల సంగతి. అవి నిజంగానే తయారవుతాయి, ఆరోగ్యవంతుల రక్తంలో కూడా కనిపిస్తాయి. అయితే అవి మందకొడిగా ఉంటాయి. క్లాస్-1 అణువుల్లో భాగమైన బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లేని ఎలుకల్లో క్లాస్-1 అణువులు కణ ఉపరితలానికి దాదాపు చేరవు. మీ తర్కం ప్రకారం ఆ ఎలుకల ఎన్‌కే కణాలు సొంత కణాలన్నింటినీ చంపాలి. కానీ అవి సొంత కణాలను వదిలేస్తాయి, క్లాస్-1 అణువులు లేని ఇతర లక్ష్య కణాలకు కూడా సరిగా స్పందించవు. క్లాస్-1 అణువులకు పెప్టైడ్ ముక్కలను అందించే టాప్ ప్రొటీన్ లోపం వల్ల హెచ్‌ఎల్‌ఏ బాగా తగ్గిపోయిన మనుషుల ఎన్‌కే కణాల్లో కూడా ఇలాంటి మందకొడితనమే కనిపించింది. 2005లో వేన్ యోకోయామా బృందం, డేవిడ్ రౌలెట్ బృందం ఎలుకల్లో విడివిడిగా చూపించినదీ, 2006లో ఎరిక్ వివియే బృందం మనుషుల్లో చూపించినదీ ఒకే విషయం: సొంత క్లాస్-1ను గుర్తించే నిరోధక గ్రాహకం ఉన్న కణమే పూర్తి సామర్థ్యంతో స్పందిస్తుంది. దీనిని కొందరు ఎడ్యుకేషన్ అంటారు, యోకోయామా బృందం లైసెన్సింగ్ అంది. ఇక్కడ శిక్షణ అని రాస్తాను.

నిరోధక గ్రాహకం ఉండటం వల్లే కణానికి దాడి సామర్థ్యం వస్తుందన్న విషయం మొదటిసారి వింటే విడ్డూరంగా అనిపిస్తుంది, కానీ ఆలోచిస్తే ఇంతకంటే పొందికైన ఏర్పాటు దొరకదు. ఆపే సాధనం లేని కణానికి శక్తి ఇవ్వకపోవడమే సురక్షితం. ఇది ఉన్నట్టు లేనట్టు అనే రెండు స్థితుల వ్యవహారం కూడా కాదు. కార్రే, పెటర్ హోగ్‌లుండ్ తదితరులు చూపించినట్టు, సొంత లైగాండ్‌లతో అందే నిరోధక సంకేతం ఎంత బలంగా ఉంటే కణం సామర్థ్యం అంత పెరుగుతుంది. దీనినే రియోస్టాట్ నమూనా అంటారు. నిరోధక సంకేతమే కణానికి నేరుగా సామర్థ్యం ఇస్తుందా, లేక నిరోధం లేని కణం ఉత్తేజక సంకేతాల ఎడతెగని తాకిడికి అలసి మందగిస్తుందా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. నేను రెండో వివరణ వైపు కొంత మొగ్గుతాను, ఎందుకంటే శిక్షణ శాశ్వతం కాదు. 2010లో వచ్చిన రెండు పరిశోధనల్లో, ఎదిగిన ఎన్‌కే కణాలను వేరే ఎంహెచ్‌సీ వాతావరణం ఉన్న ఎలుకల్లోకి మార్చినప్పుడు, వాటి స్పందన కొత్త వాతావరణానికి తగినట్టు మారింది.

ప్రశ్నకర్త స్పందన: పరిశోధక విద్యార్థిని

అధ్యాపకుల వారికి ధన్యవాదాలు. మొదటి సందేహం తీరింది. కిర్‌ల స్థిరత్వానికి మిథైలేషన్ కారణమన్న వివరణతో నా కల్చర్ ఫలితాల్లో సగభాగం అర్థమైంది. కానీ ఎన్‌కేజీ2ఏ మాత్రం పెరిగింది కదా. కిర్‌లకు వర్తించే స్థిరత్వం దీనికి ఎందుకు వర్తించదు? అది పెరిగినా సంహారశక్తి ఎందుకు తగ్గలేదు?

సమాధానం 2: కణజీవశాస్త్ర పరిశోధకురాలు

విద్యార్థిని గారూ, రెండో ప్రశ్నకు సమాధానం మీ ప్రయోగ నిర్మాణంలోనే ఉంది. కే562 కణాల మీద హెచ్‌ఎల్‌ఏ క్లాస్-1 అణువులు దాదాపు ఉండవు, వాటితోపాటు హెచ్‌ఎల్‌ఏ-ఈ కూడా ఉండదు. ఎన్‌కేజీ2ఏ అనే గ్రాహకం సీడీ94తో జతకట్టి గుర్తించేది హెచ్‌ఎల్‌ఏ-ఈ అణువునే. లైగాండ్ లేని లక్ష్యం ముందు ఎన్‌కేజీ2ఏ రెట్టింపైనా, పూర్తిగా తొలగిపోయినా ఆ పరీక్షలో తేడా కనిపించదు. మీరు కొలిచినది సైటోకైన్‌ల వల్ల పెరిగిన పెర్ఫోరిన్, గ్రాంజైమ్ అనే సంహారక ప్రొటీన్ల ఫలితాన్ని, ఉత్తేజక గ్రాహకాల ఫలితాన్ని. నిరోధం ఆ కొలతలోకి రానే లేదు.

దీని వెనుక ఒక ముఖ్యమైన సంగతి ఉంది. నిరోధక సంకేతం కణమంతా వ్యాపించేది కాదు. లైగాండ్ తగిలినప్పుడు గ్రాహకం తోకలోని ఐటిమ్ అనే భాగంలో ఉన్న టైరోసిన్‌ను సార్క్ కుటుంబ కైనేజ్‌లు ఫాస్ఫొరిలేట్ చేస్తాయి. అక్కడికి ఎస్‌హెచ్‌పీ-1 అనే ఫాస్ఫటేజ్ వచ్చి చేరి, దాడికి దారితీసే సంకేతాల్లో చాలా ముందుగా ఉండే వావ్1 ప్రొటీన్ నుంచి ఫాస్ఫేట్‌ను తొలగిస్తుంది. దీనివల్ల ఆక్టిన్ పోగుపడటం, కణం లక్ష్యానికి గట్టిగా అంటుకోవడం ఆగిపోతాయి. ఇదంతా రెండు కణాలు తాకే ఆ సన్నని ప్రదేశంలోనే జరుగుతుంది. అందువల్ల ఒకే ఎన్‌కే కణం ఒక పక్క ఆరోగ్యంగా ఉన్న పొరుగు కణాన్ని వదిలేస్తూనే, మరో పక్క లైగాండ్ లేని కణాన్ని చంపగలదు. గ్రాహకాలు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చూస్తే కణం ప్రవర్తన అర్థం కాదు. ఎదురుగా ఉన్న లక్ష్యం మీద ఏముందో కూడా చూడాలి.

ఇక ఎన్‌కేజీ2ఏ ఎందుకు మారుతుందన్నది. ఇది కిర్‌ల కంటే భిన్నమైన కుటుంబానికి చెందినది. దీని జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కిర్‌లలా మనిషికీ మనిషికీ పెద్దగా మారదు. ఎదుగుదలలో ఇది ముందుగా వస్తుంది. సీడీ56 అనే ఉపరితల గుర్తు ఎక్కువగా ఉండే తొలి దశ ఎన్‌కే కణాలు దాదాపు అన్నింటి మీదా ఎన్‌కేజీ2ఏ ఉంటుంది, కిర్‌లు చాలా తక్కువ. ఆ తర్వాతి దశల్లో కణాలు క్రమంగా ఎన్‌కేజీ2ఏను కోల్పోతూ, కిర్‌లను, పరిణతికి గుర్తైన సీడీ57ను సంతరించుకుంటాయి. సైటోకైన్‌లకు ఇది బాగా లొంగుతుంది. ఐఎల్-15, ఐఎల్-12, టీజీఎఫ్-బీటా వంటివి దీని వ్యక్తీకరణను పెంచగలవు. ఉత్తేజక గ్రాహకమైన ఎన్‌కేజీ2సీ ఉన్న ఎన్‌కే కణాలు ఐఎల్-12 ప్రభావంతో ఎన్‌కేజీ2ఏను కొత్తగా తెచ్చుకున్నట్టు కూడా చూపించారు. ఆ రెండు గ్రాహకాలకూ లైగాండ్ హెచ్‌ఎల్‌ఏ-ఈయే అయినా, నిరోధక గ్రాహకం దానిని మరింత గట్టిగా పట్టుకుంటుంది. అంటే దాడి ముదురుతున్నప్పుడే దానికి కళ్లెం కూడా సిద్ధమవుతుంది. దీనికి తోడు ఎన్‌కే కణం స్రవించే ఇంటర్‌ఫెరాన్-గామా చుట్టుపక్కల కణాల మీద హెచ్‌ఎల్‌ఏ క్లాస్-1ను, హెచ్‌ఎల్‌ఏ-ఈని పెంచుతుంది. గ్రాహకమూ లైగాండూ రెండూ పెరిగి, వాపు హద్దు మీరకుండా చూస్తాయి. ఉత్తేజితమైన కణం తన నిరోధాన్ని తగ్గించుకోవాలన్న మీ అంచనాకు వాస్తవం ఇంచుమించు విరుద్ధంగా ఉంటుంది.

హెచ్‌ఎల్‌ఏ-ఈ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నాకు ఈ మొత్తం అంశంలో అన్నింటికంటే ఇష్టమైన ఏర్పాటు అదే. హెచ్‌ఎల్‌ఏ-ఈ సాధారణంగా ప్రదర్శించేది ఇతర హెచ్‌ఎల్‌ఏ అణువుల తయారీలో మొదట తెగిపోయే లీడర్ భాగం నుంచి వచ్చిన తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను. ఆ ముక్క అందకపోతే హెచ్‌ఎల్‌ఏ-ఈ ఉపరితలం మీద నిలవదు. కనుక ఎన్‌కేజీ2ఏ ఒక్క అణువును చూసి, ఆ కణంలో హెచ్‌ఎల్‌ఏ-ఏ, బీ, సీ తయారీ సజావుగా సాగుతోందా అన్నది పరీక్షించినట్టవుతుంది. కిర్‌లు ఒక్కో హెచ్‌ఎల్‌ఏ రకాన్ని విడిగా కనిపెడుతుంటే, ఇది మొత్తం ఉత్పత్తిని కనిపెడుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బీ లీడర్‌లో మైనస్ 21వ స్థానంలో మెథియోనిన్ ఉంటే హెచ్‌ఎల్‌ఏ-ఈకి సరైన ముక్క అందుతుంది, థ్రియోనిన్ ఉంటే సరిగా అందదు. అందువల్ల కొందరిలో శిక్షణ భారం ఎన్‌కేజీ2ఏ మీద, మరికొందరిలో కిర్‌ల మీద ఎక్కువగా పడుతుంది. మీ దాతల మధ్య తేడాలు కనిపిస్తే ఈ అంశాన్ని కూడా గమనించండి.

ఉపరితల సంఖ్యను మార్చే మార్గాలు ఇంకా ఉన్నాయి. సీడీ94, ఎన్‌కేజీ2ఏ జంట ఉపరితలం మీద స్థిరంగా కూర్చుని ఉండదు. అది నిరంతరం కణం లోపలికి వెళ్లి, ఎండోసోమ్‌ల ద్వారా మళ్లీ పైకి వస్తూ ఉంటుంది. ఈ రాకపోకలు నిరోధక సంకేతంతో నిమిత్తం లేకుండానే సాగుతాయని 2002లో చూపించారు. లైగాండ్ తగిలిన ప్రతిసారీ గ్రాహకం మాయమైపోతే ఆ కణం వరుసగా ఎన్నో కణాలను పరీక్షించలేదు కనుక ఇది అర్థవంతమైన ఏర్పాటు. ఎలుకల్లో మరో విధానం ఉంది. ఎల్‌వై49ఏ గ్రాహకం ఎదుటి కణం మీది లైగాండ్‌తో మాత్రమే కాకుండా, తానున్న కణం పొర మీదే ఉన్న హెచ్-2డీడీ అనే ఎలుక క్లాస్-1 అణువుతో కూడా జతకడుతుందని వెర్నర్ హెల్డ్ బృందం 2004లో చూపించింది. అలా సొంత పొర మీదే బందీ అయిన గ్రాహకాలు ఎదుటి కణాన్ని పరీక్షించడానికి అందుబాటులో ఉండవు. ఫలితంగా నిరోధం కాస్త పలుచబడి, లైగాండ్ కొంచెం తగ్గిన కణాన్ని కూడా ఆ ఎన్‌కే కణం పసిగట్టగలుగుతుంది. దీనిని నేరుగా మనుషుల కిర్‌లకు అన్వయించకండి. ఆ గ్రాహకాల నిర్మాణం పూర్తిగా వేరు.

సమాధానం 3: రక్తవ్యాధుల విభాగ వైద్యుడు

పై రెండు సమాధానాలతో ఏకీభవిస్తూనే, వైద్య అనుభవంలో తేలిన ఒక విషయాన్ని జోడిస్తాను. నిరోధక గ్రాహకాన్ని బయటి నుంచి తొలగిస్తే ఎన్‌కే కణం బలపడుతుందన్న ఆలోచనతో మనుషుల్లోనే పరీక్షలు జరిగాయి. ఐపీహెచ్2101 అనే యాంటీబాడీ కిర్2డీ గ్రాహకాలకు అంటుకుని, హెచ్‌ఎల్‌ఏ-సీతో వాటి కలయికను అడ్డుకుంటుంది. మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌కు ముందు దశలో ఉన్నవారికి దానిని ఇచ్చినప్పుడు ఆశించిన ఫలితం రాలేదు. 2016లో ప్రచురితమైన విశ్లేషణ కారణం చూపించింది. యాంటీబాడీ అంటుకున్న కిర్2డీ గ్రాహకాలను మోనోసైట్‌ల వంటి కణాలు ఎన్‌కే కణం పొర నుంచి కొరికి తీసుకుపోయాయి. ఈ ప్రక్రియను ట్రోగోసైటోసిస్ అంటారు. గ్రాహకాలు కోల్పోయిన ఎన్‌కే కణాలు చురుకెక్కకపోగా మరింత మందగించాయి. అధ్యాపకుల వారు చెప్పిన శిక్షణ సిద్ధాంతం తెలిసినవారికి ఇది అర్థం కాని ఫలితం కాదు. శిక్షణ నిరంతరం కొనసాగాలి, దానికి ఆధారమైన గ్రాహకమే పోతే సామర్థ్యం కూడా పోతుంది. రోగులకు ఇచ్చే ముందు ఈ అవకాశాన్ని మనం ఇంకా గట్టిగా పరిశీలించి ఉండాల్సిందని నేను నమ్ముతున్నాను.

ఎన్‌కేజీ2ఏను అడ్డుకునే మొనాలిజుమాబ్ విషయంలో ప్రయోగశాల ఫలితాలు చాలా ఆశాజనకంగా ఉండేవి. తల, మెడ క్యాన్సర్లలో సెటుక్సిమాబ్ అనే మరో యాంటీబాడీతో కలిపి చేసిన మూడో దశ పరీక్షను ప్రయోజనం కనిపించక 2022లో నిలిపివేశారు. దీనితో ఆ మార్గం మూసుకుపోయిందని నేను అనను. కానీ ఒక నిరోధక గ్రాహకాన్ని ఆపితే చాలు, ఎన్‌కే కణం స్వేచ్ఛగా దాడి చేస్తుందన్న సరళ చిత్రం మాత్రం నిలవదు.

మూలకణ మార్పిడిలో సంగతి వేరు, అక్కడ గ్రాహకాన్ని ఎవరూ తాకరు. 2002లో లోరెడానా రుగ్గేరి, ఆండ్రియా వెలార్డీల బృందం సగం సరిపోలిన దాతల నుంచి మార్పిడి పొందిన అక్యూట్ మైలాయిడ్ లుకేమియా రోగులను పరిశీలించింది. దాత ఎన్‌కే కణాల కిర్‌లకు తగిన లైగాండ్ రోగిలో లేనప్పుడు వ్యాధి తిరగబెట్టడం తగ్గింది. దాత శరీరంలో శిక్షణ పొందిన కణాలు, తమ లైగాండ్ లేని లుకేమియా కణాలను ఎదుర్కొన్నాయి. ఎన్‌కే కణాన్ని సమర్థంగా వాడుకోవడానికి సహజమైన దారి ఇదేనని నాకు అనిపిస్తుంది. అయితే మార్పిడి తర్వాత ముందుగా కోలుకునేవి ఎన్‌కేజీ2ఏ ఉన్న కణాలు. కిర్‌లున్న కణాలు తమ పూర్వ స్థాయికి రావడానికి నెలలు పడుతుంది. కనుక దాత కిర్‌కు రోగిలో లైగాండ్ లేకపోవడం మీద ఆధారపడే ప్రయోజనాన్ని అంచనా వేసేటప్పుడు ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకొకటి. ఒక మనిషి ఎన్‌కే కణాల గ్రాహక చిత్రం జీవితకాలంలో గణనీయంగా మారుతుంది. కణం తన జన్యువులను మార్చుకోవడం దీనికి కారణం కాదు, కొన్ని కణాలు మిగతావాటికంటే ఎక్కువగా పెరగడమే కారణం. దీనికి మంచి ఉదాహరణ సైటోమెగలోవైరస్. ఈ వైరస్ సోకినవారిలో ఎన్‌కేజీ2సీ ఉన్న ఎన్‌కే కణాలు విస్తరించి ఉంటాయని మిగెల్ లోపెజ్-బొటెట్ బృందం 2004లో చూపించింది. ఆ కణాల్లో ఎన్‌కేజీ2ఏ సాధారణంగా ఉండదు, సొంత హెచ్‌ఎల్‌ఏను గుర్తించే కిర్ తరచుగా ఉంటుంది. ఈ వైరస్ తన యూఎల్40 ప్రొటీన్ ద్వారా హెచ్‌ఎల్‌ఏ లీడర్‌ను పోలిన ముక్కను అందించి, హెచ్‌ఎల్‌ఏ-ఈని ఉపరితలం మీద నిలబెట్టి ఎన్‌కేజీ2ఏను మోసం చేస్తుంది. ఆ మోసానికి లొంగని కణాలే విస్తరించడం గమనించదగ్గది. శిక్షణ లేని కణాలను కూడా పనికిరానివిగా కొట్టిపారేయకూడదు. ఎలుకల సైటోమెగలోవైరస్ సోకినప్పుడు రక్షణలో శిక్షణ లేని ఎన్‌కే కణాలే ముందున్నాయని లూయిస్ లానియర్ బృందం 2010లో చూపించింది. సోకిన కణం మీద ఇంకా క్లాస్-1 ఉన్నప్పుడు, దానిని గుర్తించే నిరోధక గ్రాహకం ఉన్న కణం వెనక్కి తగ్గుతుంది, ఆ గ్రాహకం లేని కణానికి అడ్డు ఉండదు.

ప్రశ్నకర్త స్పందన: పరిశోధక విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. వైద్యుల వారు చెప్పిన చివరి విషయం నా ఫలితాలకు నేరుగా వర్తిస్తుంది. నా కల్చర్‌లో ఎన్‌కేజీ2ఏ శాతం పెరగడానికి రెండు కారణాలు ఉండవచ్చు: ఎన్‌కేజీ2ఏ లేని కణాలు దానిని కొత్తగా తెచ్చుకుని ఉండాలి, లేదా మొదటి నుంచి అది ఉన్న కణాలే వేగంగా విభజన చెంది ఉండాలి. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తేల్చడానికి ఏం చేయాలి?

సమాధానం 4: కణజీవశాస్త్ర పరిశోధకురాలు

కల్చర్ మొదలుపెట్టే ముందే ఎన్‌కేజీ2ఏ ఉన్న కణాలనూ లేని కణాలనూ సార్టర్‌తో (ఉపరితల గుర్తులను బట్టి కణాలను విడదీసే యంత్రంతో) వేరుచేసి, రెండింటికీ విభజనతోపాటు పలుచబడే రంగు పట్టించి, విడివిడి పాత్రల్లో అవే సైటోకైన్‌లతో పెంచండి. లేని కణాల పాత్రలో, రంగు ఏమాత్రం తగ్గని కణాల మీద కూడా ఎన్‌కేజీ2ఏ కనిపిస్తే అది కొత్త వ్యక్తీకరణే. అక్కడ ఏమీ రాకుండా, ఉన్న కణాల పాత్రలో రంగు త్వరగా పలుచబడితే అది విస్తరణ. రెండూ పాక్షికంగా జరుగుతుంటాయని నా అంచనా, ఎందుకంటే సీడీ56 ఎక్కువగా ఉన్న కణాలు ఈ సైటోకైన్‌లకు ముందుగా, వేగంగా విభజన చెందుతాయి, వాటి మీద ఎన్‌కేజీ2ఏ మొదటి నుంచే ఉంటుంది. అందుకే సార్టింగ్‌లో సీడీ56 స్థాయిని కూడా విడదీయండి. గ్రాహకం ఉన్న కణాల శాతాన్ని, ఒక్కో కణం మీది సగటు తీవ్రతను వేర్వేరుగా నమోదు చేయండి. శాతం మారకుండా తీవ్రత మాత్రమే మారే సందర్భాలు ఉంటాయి, వాటి అర్థం వేరు.

కిర్‌లు మారలేదన్న నిర్ధారణకు వచ్చే ముందు మీరు వాడిన యాంటీబాడీలను పరిశీలించండి. ఈబీ6 అనే యాంటీబాడీ క్లోన్ నిరోధకమైన కిర్2డీఎల్1తోపాటు ఉత్తేజకమైన కిర్2డీఎస్1ను కూడా పట్టుకుంటుంది. జీఎల్183 క్లోన్ కిర్2డీఎల్2, కిర్2డీఎల్3, కిర్2డీఎస్2 మూడింటినీ పట్టుకుంటుంది. వీటి వెలుపలి భాగాలు అంతగా పోలి ఉంటాయి. దాత కిర్, హెచ్‌ఎల్‌ఏ జన్యురూపాలు తెలియకుండా ఆ యాంటీబాడీలు పట్టుకున్నవన్నీ నిరోధక గ్రాహకాలేనని లెక్కించడం సరికాదు.

సంహార పరీక్షలో కే562తోపాటు, హెచ్‌ఎల్‌ఏ-ఈని వ్యక్తీకరించేలా మార్చిన కే562ను కూడా పెట్టండి. మూడో వరుసలో ఆ మార్చిన కణాలకే ఎన్‌కేజీ2ఏను అడ్డుకునే యాంటీబాడీని చేర్చండి. ఆ యాంటీబాడీ ఎన్‌కే కణానికి అంటుకున్నాక దాని తోక వంటి ఎఫ్‌సీ భాగాన్ని మరో ఎన్‌కే కణం మీది సీడీ16 అనే ఉత్తేజక గ్రాహకం పట్టుకుంటే ఎన్‌కే కణాలు ఒకదానినొకటి చంపుకోవచ్చు కనుక, ఎఫ్‌సీ భాగం తీసేసిన రూపాన్ని వాడడం మంచిది. మొదటి రెండు వరుసల మధ్య తేడా కల్చర్ తొలి రోజుకూ చివరి రోజుకూ మధ్య పెరిగితే, ఎన్‌కేజీ2ఏ పెరుగుదల నిజంగా పనిచేస్తోందని చెప్పవచ్చు. తేడా పెరగకపోతే, సైటోకైన్‌ల వల్ల బలపడిన ఉత్తేజక సంకేతాలు ఆ నిరోధాన్ని మించిపోతున్నాయేమో చూడాలి. అందుకు హెచ్‌ఎల్‌ఏ-ఈ స్థాయి తక్కువ నుంచి ఎక్కువ వరకు ఉన్న లక్ష్య కణాలను వరుసగా పెట్టి, సంహారం ఏ స్థాయి దగ్గర ఆగుతుందో కల్చర్‌కు ముందు, తర్వాత పోల్చండి.